మా అబ్బాయి గే అని చెప్పాడు: తల్లిదండ్రులుగా మేము ఏం చేయాలి, ఎవరిని కలవాలి?

ప్రశ్న: విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి 27 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. చాలాకాలంగా వాడికి సంబంధాలు చూస్తున్నాం, వాడు ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి వాయిదా వేస్తూ వచ్చాడు. ఈ వేసవిలో ఇంటికి వచ్చినప్పుడు, రాత్రి భోజనాల దగ్గర వాళ్లమ్మ కొత్తగా వచ్చిన రెండు బయోడేటాలు బల్ల మీద పెట్టింది. వాడు వాటిని చూడకుండానే బోర్లించి పక్కన పెట్టాడు. తనకు ఆడపిల్లల మీద ఆకర్షణ లేదని, కాలేజీ రోజుల నుంచే ఆ సంగతి తనకు తెలుసని, కొంతకాలంగా ఒక అబ్బాయితో కలిసి ఉంటున్నానని, మా కోసం పెళ్లి చేసుకుని ఒక అమ్మాయి జీవితం పాడుచేయడం తనవల్ల కాదని చెప్పాడు. ఆ తరువాత చాలాసేపు మా ముగ్గురిలో ఎవరమూ మాట్లాడలేదు. చివరికి వాడే లేచి కంచాలు తీశాడు.

మేము వాణ్ణి తిట్టలేదు, ఇంట్లోంచి పొమ్మనలేదు. వాడు మాకు కావాలి. అయితే ఇక ముందు ఎలా నడుచుకోవాలో మాకు తెలియడం లేదు. విషయం తెలిసిన మా బావమరిది ఒక డాక్టరు పేరు చెప్పి, కొన్ని హార్మోన్ ఇంజెక్షన్లు చేయిస్తే మూడు నెలల్లో కుర్రాడు దారికి వస్తాడని అంటున్నాడు. మా అక్కయ్యేమో పెళ్లి చేసేస్తే అన్నీ అవే సర్దుకుంటాయని పట్టుబడుతోంది. నా భార్య తన పెంపకంలోనే ఏదో లోపం జరిగిందని నమ్ముతోంది, రాత్రుళ్లు నిద్రపోవడం లేదు. మా అమ్మాయికి పెళ్లై రెండేళ్లు కాలేదు. వియ్యాలవారికి తెలిస్తే అక్కడ దాని పరిస్థితి ఏమవుతుందోనన్న భయం ఒకటి. మేము పోయాక వీడికి ఎవరు దిక్కు అన్నది అన్నిటికంటే పెద్ద భయం.

చట్టం ఇప్పుడు ఏమంటోంది? ఆ ఇంజెక్షన్ల మాటలో నిజమెంత? మాలాగే ఇది ఎదుర్కొన్న తెలుగు తల్లిదండ్రులు ఎక్కడైనా కలుసుకుంటారా? నిజాయితీగా చెప్పగలిగినవారు చెప్పండి. వాణ్ణి మార్చడం ఎలా అన్న సలహాలు మాత్రం వద్దు, అవి మాకు ఇంట్లోనే కావలసినన్ని వస్తున్నాయి.

సమాధానం: ఒక అమ్మ, కూకట్‌పల్లి

మాస్టారూ, మీ చివరి వాక్యం చదివాక నా మనసు తేలికపడింది. మా అబ్బాయి మాకు చెప్పి ఏళ్లు గడిచాయి. ఇప్పుడు వాడి సహచరుడు కూడా మా ఇంట్లో మనిషే. అందుకే మీకు వివరంగా రాస్తున్నాను.

ముందుగా సంబంధాలు చూడడం ఆపేయండి. 'ప్రస్తుతానికి వద్దు' అని సాగదీయకుండా, మ్యాట్రిమొనీ సైటులో వివరాలు తీసేయండి, మధ్యవర్తులకు ఇక చూడవద్దని చెప్పండి. వచ్చే ప్రతి బయోడేటా మీ అబ్బాయికి 'మేము నీ మాట నమ్మలేదు' అన్నట్టే వినిపిస్తుంది. తరువాత మీ భార్యగారితో మీరే చెప్పండి, పెంపకం వల్ల ఇది రాదని. ఒకే ఇంట్లో, ఒకే తల్లి చేతి అన్నం తిని పెరిగిన మా ఇద్దరు పిల్లల్లో ఒకడు గే, ఒకడు కాదు. డాక్టర్ల సంగతి ఇక్కడ తెలిసినవారు రాస్తారు, నేను అందులోకి వెళ్లను.

మీరు అడిగిన తల్లిదండ్రులు ఉన్నారు. మన దేశంలో ఈ పిల్లల హక్కుల పోరాటంలో తల్లిదండ్రుల పాత్ర ఎంత ఉందో చాలామందికి తెలియదు. 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్ విషయంలో ఈ పిల్లలకు అనుకూలంగా తీర్పు ఇచ్చినప్పుడు, దానిపై కొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ సమయంలో 19 మంది తల్లిదండ్రులు తమంతట తాము ఆ కేసులో చేరి, ఈ చట్టం మా పిల్లలనే కాక మా కుటుంబాలను కూడా నేరస్థుల్లా నిలబెడుతోందని కోర్టుకు చెప్పుకున్నారు. రంగస్థల కళాకారిణి చిత్రా పాలేకర్ తన కూతురు లెస్బియన్ అని బహిరంగంగా చెప్పి ఇతర తల్లిదండ్రులకు అండగా నిలిచారు. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగదోడింది. తరువాతి నెలలోనే జస్టిస్ లీలా సేథ్ పత్రికలో వ్యాసం రాశారు. ఆమె దేశంలో ఒక హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయిన మొదటి మహిళ, రచయిత విక్రమ్ సేథ్ తల్లి. ఒక తల్లిగా, ఒక న్యాయమూర్తిగా ఆ తీర్పును తానెందుకు అంగీకరించలేకపోతున్నదీ అందులో చెప్పారు. ఈ బంధాలు నేరం కాదని 2018లో వచ్చిన మంచి తీర్పును చూడకుండానే ఆమె కన్నుమూశారు. అది తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

2017లో ముంబైలో కొందరు తల్లిదండ్రులు కలిసి 'స్వీకార్ - ది రెయిన్‌బో పేరెంట్స్' అనే బృందాన్ని మొదలుపెట్టారు. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వివాహ హక్కుపై వాదనలు వింటున్నప్పుడు, ఆ బృందం తరఫున 400 మందికి పైగా తల్లిదండ్రులు ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాశారు. తాము బతికుండగానే తమ పిల్లల బంధాలకు చట్టబద్ధమైన గుర్తింపు చూడాలని ఉందని అందులో కోరారు. చాలామంది వయసు మళ్లినవారు. ఆ బృందాన్ని ఇంటర్నెట్‌లో వెతికి మీ వివరాలు రాయండి. అది కాక, తెలుగు తల్లిదండ్రులం కొందరం విడిగా ఆదివారం సాయంత్రాలు ఆన్‌లైన్‌లో మాట్లాడుకుంటాం. దానికి పేరేమీ లేదు. పేరు చెప్పనక్కరలేదు, కెమెరా వేయనక్కరలేదు. ఉత్తరాంధ్ర నుంచి ఒకావిడ నెలల తరబడి మౌనంగా విని, ఒకరోజు మైకు వేసి 'మా వాడికి పుట్టినరోజు ఫోన్ చేశానండి' అని మాత్రం చెప్పి మళ్లీ మైకు ఆపేశారు. ఆ రోజు ఆవిడకు అంతకంటే పెద్ద మాట లేదని మా అందరికీ అర్థమైంది.

బంధువుల విషయంలో నా అభిప్రాయం కొంత గట్టిగానే ఉంటుంది. దాచిన కొద్దీ అది ఇంట్లో భయంగా మిగిలిపోతుంది. మా మరిది కొడుకు నిశ్చితార్థంలో భోజనాల వరుసలో కూర్చున్నప్పుడు మా పెద్దమ్మ 'నీ పెద్దాడికి ఎప్పుడే?' అని పదిమందిలో అడిగింది. 'వాడికి తోడు ఉందమ్మా, అబ్బాయే, మా అందరికీ ఇష్టమే' అని చెప్పాను. ఆవిడ కాసేపు నా ముఖం చూసి, పప్పు వడ్డించే అబ్బాయిని పిలిచి నా విస్తరిలో వేయించింది. ఆ తరువాత మా వైపు బంధువుల్లో ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. తల్లిదండ్రులు తడబడకుండా చెబితే ఎదుటివారు గుసగుసలాడడానికి పెద్దగా ఏమీ మిగలదు. మీరు కూడా మీ వియ్యాలవారికి ముందే, మీ నోటితోనే చెప్పడం మంచిదని నా సలహా.

సమాధానం: మానసిక వైద్యురాలు, విశాఖపట్నం

ఇంజెక్షన్ల గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే ఇక్కడ ఆలస్యం ప్రమాదం. అది వైద్యం కాదు. స్వలింగ ఆకర్షణ హార్మోన్ లోపం వల్ల వచ్చేది కాదు. ఆరోగ్యంగా ఉన్న యువకుడికి అవసరం లేని హార్మోన్లు ఇస్తే అతని ఆకర్షణ మారదు, శరీరానికి హాని మాత్రం జరగవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న స్వలింగ ఆకర్షణను వ్యాధుల జాబితా నుంచి తొలగించింది. భారతీయ మానసిక వైద్యుల సంఘం కూడా 2018లో, సుప్రీంకోర్టు తీర్పుకు ముందే, దీన్ని మానసిక వ్యాధిగా చూడవద్దని ప్రకటించింది. ఇటువంటి 'మార్పిడి చికిత్స' చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అవుతుందని జాతీయ వైద్య కమిషన్ 2022 ఆగస్టులో అన్ని రాష్ట్రాల వైద్య మండళ్లకూ లేఖ రాసింది. అంటే మీ బావమరిదిగారు చెప్పిన వైద్యుడు ఆ ఇంజెక్షన్లు ఇస్తే, ఆయనపై రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు. ఇంజెక్షన్లే కాదు, కరెంటు షాకులు, హిప్నాటిజం, మందులతో మత్తులో ఉంచడం, ఏ పేరుతో చేసినా ఇవన్నీ ఆ కోవలోకే వస్తాయి. ఇటువంటి వాటికి గురైన యువకులు ఏ స్థితిలో మా దగ్గరికి వస్తారో నేను చూస్తున్నాను. వారు మారి రారు, భయపడి, తమను తాము అసహ్యించుకుంటూ వస్తారు, ఇంట్లోవారితో మాటలు మానేసి వస్తారు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ఒకరి నడవడిక సమాజపు నైతిక, సాంస్కృతిక విలువలకు భిన్నంగా ఉందన్న కారణంతో అతన్ని మానసిక రోగిగా తేల్చకూడదు. లైంగికత ఆధారంగా చికిత్సలో వివక్ష చూపకూడదు.

మాస్టారూ, మీ ఇంట్లో ఈ రోజు వైద్య సహాయం అవసరమైనది మీ అబ్బాయికి కాదు, నిద్రపట్టని మీ భార్యగారికి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఉచిత హెల్ప్‌లైన్ నంబరు 14416. అది రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. కౌన్సెలర్ దగ్గరికి నేరుగా వెళ్లేటట్లయితే, మొదటి ఫోన్‌లోనే 'మా అబ్బాయి గే, వాణ్ణి మార్చడం మా ఉద్దేశం కాదు, మేము అర్థం చేసుకోవడానికి వస్తున్నాం, మీరు ఇటువంటి కుటుంబాలతో పనిచేశారా?' అని అడగండి. 'చూద్దాం, ప్రయత్నిద్దాం, ఇంకా వయసుంది' అన్న తరహా జవాబు వస్తే మరొకరిని వెతకండి. ముంబైలోని మరివాలా హెల్త్ ఇనీషియేటివ్ సంస్థ క్వీర్ అఫర్మేటివ్ కౌన్సెలింగ్ పేరుతో, అంటే ఇటువంటివారిని ఉన్నవారిని ఉన్నట్టు అంగీకరించి సహాయపడేలా, కౌన్సెలర్లకు శిక్షణ ఇస్తుంది. ఆ శిక్షణ తీసుకున్నారా అని అడగడం కూడా ఒక మంచి కొలమానం.

సమాధానం: న్యాయవాది, విజయవాడ

చట్టం గురించి అడిగారు కనుక క్రమంగా చెబుతాను. 2018 సెప్టెంబరు 6న నవతేజ్ సింగ్ జోహార్ కేసులో అయిదుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, ఇష్టపూర్వకంగా కలిసి ఉండే వయోజనుల బంధం నేరం కాదని తీర్పు చెప్పారు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత 377 సెక్షన్ అసలు లేనే లేదు. కాబట్టి మీ అబ్బాయి, అతని సహచరుడు కలిసి ఉండడంలో నేరమన్నది ఎక్కడా లేదు. ఎవరైనా పోలీసుల పేరు చెప్పి బెదిరిస్తే, బెదిరించినవారిదే నేరం అవుతుంది.

లేనిది పెళ్లి హక్కు. దానికోసం వేసిన కేసులో మొదటి పిటిషనర్లు సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ హైదరాబాద్ వారే. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు వివాహ హక్కు ఇవ్వలేమని, అది పార్లమెంటు పని అని చెప్పింది. పునఃసమీక్ష పిటిషన్లను కూడా 2025 జనవరిలో కొట్టివేసింది. అయితే ఆ తీర్పు తరువాత కేంద్రం ఒక కమిటీ వేసింది, కొన్ని ఆదేశాలు వచ్చాయి. 2024 ఆగస్టులో, ఇటువంటి భాగస్వాములు బ్యాంకులో జాయింట్ ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డంకి లేదని ఆర్థిక సేవల విభాగం స్పష్టం చేసింది. రేషన్ కార్డు విషయంలో వారిని ఒకే కుటుంబంగా చూడాలని ఆహార శాఖ రాష్ట్రాలకు సూచించింది. ఇవి చిన్నవే, కానీ బ్యాంకు మేనేజరు కాదన్నప్పుడు ఆ ఉత్తర్వు ప్రతి చూపించగలిగితే పని జరుగుతుంది.

మీరు పోయాక ఎవరు దిక్కు అన్న మీ భయానికి చట్టంలో ఉన్న జవాబు వీలునామా. హిందూ వారసత్వ చట్టంలో సహచరుడికి చోటు లేదు. రేపు మీ అబ్బాయికి ఏదైనా జరిగితే వారిద్దరూ కలిసి కొనుక్కున్న ఫ్లాటులో అతని వాటా ఆ చట్టం ప్రకారం తల్లికో, ఆమె లేకపోతే తండ్రికో, ఆ తరువాత తోబుట్టువుల వంటి బంధువులకో వెళుతుంది. వీలునామాకు ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. బ్యాంకులో నామినీ అయినంత మాత్రాన ఆ డబ్బుకు హక్కుదారు కాడు, కాబట్టి నామినేషన్, వీలునామా రెండూ ఒకే పేరుతో ఉండాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద, తనకు మానసిక చికిత్స అవసరమైనప్పుడు తన తరఫున నిర్ణయాలకు సహకరించే ప్రతినిధిగా ఎవరినైనా తెల్లకాగితం మీద రాసి నియమించుకోవచ్చు, అతను రక్తసంబంధీకుడే కానక్కరలేదు. ఆసుపత్రిలో సంతకం పెట్టవలసి వచ్చినప్పుడు మాత్రం నేటికీ తల్లిదండ్రులనే అడుగుతారు. చట్టం ఖాళీగా వదిలిన ఆ చోట 'ఇతను మా వాడి మనిషి, ఇతని మాటే మా మాట' అని మీరు అంటే తప్ప అతనికి లోపలికి దారి ఉండదు. ఈ దేశంలో ఇప్పుడు ఒక తండ్రి ఒప్పుకోలుకు ఉన్న బరువు అది.

మరొక సంగతి బాధతో రాస్తున్నాను. ఇటువంటి కేసులు కోర్టుకు వచ్చినప్పుడు ఎదుటి పక్షంలో ఉండేది ఎక్కువగా కన్నవారే. 2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఒక హెబియస్ కార్పస్, అంటే నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తీసుకురావాలని కోరే పిటిషన్, వచ్చింది. విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరు యువతులలో ఒకరిని తండ్రి తీసుకుపోయి నిర్బంధించాడన్నది ఆరోపణ. ధర్మాసనం ఆ యువతినే అడిగింది. వయోజనురాలికి తన భాగస్వామిని ఎంచుకునే హక్కు ఉందని చెప్పి, ఆమెను తన సహచరితో పంపించింది, తల్లిదండ్రులు జోక్యం చేసుకోరాదని ఆదేశించింది. 2025 మే 22న మద్రాస్ హైకోర్టు అటువంటి మరో కేసులో, కుటుంబం ఏర్పడడానికి పెళ్లి ఒక్కటే మార్గం కాదని, తాము ఎంచుకున్న కుటుంబం అన్న భావన ఇప్పటికే న్యాయశాస్త్రంలో స్థిరపడిందని చెప్పింది. ఆ తీర్పులో జస్టిస్ లీలా సేథ్ పేరు కూడా వస్తుంది, తల్లులందరూ ఆమెలా ఉండరని. అదే హైకోర్టులో 2021లో జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్ ఇద్దరు యువతుల కేసు విన్నారు. ఈ విషయం తనకు పూర్తిగా అర్థం కాలేదని అంగీకరించి, ఒక కౌన్సెలింగ్ సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకున్న తరువాతే తీర్పు రాశారు. నా దగ్గరికి వచ్చే తండ్రులకు నేను ఆ తీర్పే ముందుగా చదవడానికి ఇస్తాను.

మీ అక్కయ్యగారి 'పెళ్లి చేసేద్దాం' గురించి. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, వరుడి గురించిన ముఖ్యమైన సంగతి దాచి, మోసంతో పొందిన అంగీకారం మీద జరిగిన పెళ్లిని రద్దు చేయమని ఆ అమ్మాయి కోరవచ్చు. ఆ సంగతి తెలిసిన ఏడాదిలోగా పిటిషన్ వేయాలి. అటువంటి అమ్మాయిల తరఫున నేను వాదించాను. వారు ఏ పాపమూ ఎరుగరు. తనలోనే ఏదో లోపం ఉందనుకుంటూ ఏళ్లు గడిపినవారు కొందరు. మీ అబ్బాయి ఆ అమ్మాయి గురించి ఆలోచించి మాట్లాడాడంటే మీరు వాణ్ణి బాగా పెంచారని అర్థం. ఈ మాట మీ భార్యగారికి చదివి వినిపించండి.

సమాధానం: హైదరాబాద్‌లో ఉంటున్న ఒక అబ్బాయి

మాస్టారూ, నేను మీ అబ్బాయి వయసువాణ్ణే. కూకట్‌పల్లి అమ్మగారి మీద నాకు చాలా గౌరవం. అయినా ఒక విషయంలో ఆవిడతో విభేదిస్తున్నాను. వియ్యాలవారికి చెప్పాలా వద్దా, ఎప్పుడు చెప్పాలి అన్నది ముందు మీ అబ్బాయిని అడగండి. మీ అమ్మాయిని కూడా అడగండి, ఎందుకంటే ఆ ఇంట్లో ఉండవలసింది తనే. మేము ఎవరికి చెప్పాం, ఎవరికి చెప్పలేదు అన్న లెక్క మా తలలో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. ఆఫీసులో ఒకరికి, ఇంటి ఓనరుకు మరొకటి, పక్కింటివారికి ఇంకొకటి చెప్పుకుంటూ బతుకుతాం. మాకు తెలియకుండా ఇంకొకరికి తెలిసిందంటే, వారు మంచివారైనా సరే, కాళ్ల కింద నేల కదులుతుంది. మీ బావమరిదిగారికి ఇప్పటికే తెలిసింది కనుక, ఆ సంగతి మీ అబ్బాయికి మీరే చెప్పండి.

హైదరాబాద్‌లో 2013లో మొదటిసారి క్వీర్ స్వాభిమాన యాత్ర, అంటే మాలాంటివారు తలెత్తుకుని నడిచే ఊరేగింపు, జరిగింది. నేను చాలా ఆలస్యంగా, ముఖానికి రుమాలు కట్టుకుని ఒక ఏడాది వెళ్లాను. నడిచేవారిలో ఒకాయన, పంచె కట్టుకున్న పెద్దాయన, కూతురి చేతి సంచి తన భుజానికి తగిలించుకుని మౌనంగా నడుస్తున్నారు. నినాదాలు ఇవ్వలేదు, బోర్డు పట్టుకోలేదు. నేను దారంతా ఆయన వెనకాలే నడిచాను. మీరు యాత్రకు రానక్కరలేదు. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆ అబ్బాయి పేరు అడిగి, అతను ఎలా ఉన్నాడని ఒక్కమాట అడగండి. మా నాన్నగారు ఆ మాట అడుగుతారని నేను ఇప్పటికీ ఎదురుచూస్తున్నాను.

సమాధానం: ఒక తండ్రి, వరంగల్

మాది కొంచెం వేరే పరిస్థితి, మా అమ్మాయి ట్రాన్స్. పుట్టినప్పుడు కొడుకు అన్నారు. ఈ చర్చను అటువంటి తల్లిదండ్రులు కూడా చదువుతారేమోనని రెండు మాటలు రాస్తున్నాను. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం కింద, కేంద్ర సామాజిక న్యాయ శాఖ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టుకుంటే జిల్లా కలెక్టరు పేరుతో గుర్తింపు పత్రం వచ్చింది. దాన్ని పట్టుకుని మిగిలిన కాగితాలు ఒక్కొక్కటిగా మార్చుకున్నాం. ట్రాన్స్ అన్న కారణంతో బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరుచేయరాదని, ఆ ఇంట్లో ఉండే హక్కు వారికి ఉందని ఆ చట్టం చెబుతుంది. ఇంట్లోంచి వెళ్లగొట్టాలన్న బంధువులకు నేను ఆ సెక్షనే చూపించాను. తెలంగాణలో నిజాం కాలపు నపుంసకుల చట్టాన్ని, 1919 నాటిదాన్ని, మన హైకోర్టు 2023 జులైలో రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది, ఆసరా పింఛను ఇవ్వాలని కూడా ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఉంది. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్ మహిళలు, డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్ పాల్, ప్రభుత్వ వైద్యులుగా చేరారు. ఆ వార్త వచ్చిన పేపరు కత్తిరించి మా అమ్మాయి చదువుకునే బల్ల మీద అంటించాను.

సమాధానం: ఒక అమ్మ, న్యూజెర్సీ

అమెరికాలో ఉన్నవారికి ఇదంతా తేలిక అనుకుంటారు. 2015 నుంచి ఇక్కడ పెళ్లి హక్కు ఉన్న మాట నిజం, కానీ మన తెలుగువాళ్ల పూజల్లో, బర్త్‌డే పార్టీల్లో నోరు విప్పడం ఇక్కడా కష్టమే. 1972లో న్యూయార్క్‌లో జీన్ మ్యాన్‌ఫర్డ్ అనే బడి పంతులమ్మ తన కొడుకు పక్కన, తల్లిదండ్రులు పిల్లలకు అండగా ఏకం కావాలని రాసిన అట్టముక్క పట్టుకుని ఊరేగింపులో నడిచింది. దారి పొడవునా యువకులు వచ్చి, మా ఇంట్లోవాళ్లతో మాట్లాడమని ఆమెను బతిమాలారు. మరుసటి ఏడాది మార్చిలో ఒక చర్చిలో ఇరవై మంది దాకా తల్లిదండ్రులు కూర్చుని మాట్లాడుకున్నారు. ఈ రోజు దేశమంతటా శాఖలున్న పీఫ్లాగ్ సంస్థ అలా పుట్టింది. నేను మొదట పీఫ్లాగ్ సమావేశానికే వెళ్లాను. వాళ్లు ఎంతో ఆదరించారు, కానీ జాతకాలు, వియ్యాలవారు, ఊళ్లో ఉన్న అత్తగారు, ఇవన్నీ వివరించేసరికే నా సమయం అయిపోయేది. తరువాత అరుణా రావు గారు స్థాపించిన 'దేశీ రెయిన్‌బో పేరెంట్స్ అండ్ అలైస్' గురించి తెలిసింది. దక్షిణాసియా కుటుంబాల కోసమే ఉన్న సంస్థ అది, ఆన్‌లైన్ సమావేశాలు పెడుతుంది. అక్కడ 'మా అత్తగారు' అంటే చాలు, మిగిలిన కథ అందరికీ తెలుసు. విదేశాల్లో పిల్లలున్న తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే ఆ పేరు గుర్తుపెట్టుకోండి.

ముసలి అత్తగారికి చెప్పడం గురించి నా అనుభవం కూకట్‌పల్లి అమ్మగారి లాంటిదే. ఎనభై దాటిన మా అత్తగారు అంతా విని, 'ఆ పిల్ల వంట చేస్తుందా?' అని మా అమ్మాయి సహచరి గురించి అడిగారు. పెద్దవాళ్లు తట్టుకోలేరన్నది మనం మన భయానికి పెట్టుకున్న పేరేమో అనిపించింది.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అన్నీ నా భార్యకు చదివి వినిపించాను. లాయరు గారు పెంపకం గురించి రాసిన వాక్యం ఆవిడ మళ్లీ చదవమంది. ఆ డాక్టరు దగ్గరికి వెళ్లేది లేదని మా బావమరిదికి ఫోన్‌లో చెప్పేశాను, కోపగించుకున్నాడు, ఫరవాలేదు. మ్యాట్రిమొనీ సైటులో వాడి వివరాలు తీసేశాం. మా బావమరిదికి తెలిసిన సంగతి వాడికి నేనే చెప్పాను. చెల్లెలికి తానే చెబుతానని, వాళ్ల అత్తవారి సంగతి చెల్లెలు ఎలా అంటే అలా చేద్దామని అన్నాడు. ఆ అబ్బాయి పేరు కూడా అడిగాను. వాళ్లది నెల్లూరట.

రెండు సందేహాలు మిగిలాయి. ఆదివారం సమావేశంలో మేమిద్దరం ఒకే ఫోన్ నుంచి చేరవచ్చా? నా భార్యకు ఒక్కతే మాట్లాడడం బెరుకు. లాయరు గారూ, వీలునామా మావాడు ఒక్కడే రాయాలా, లేక మా ఇంటి విషయంలో నేను కూడా ఇప్పుడే రాసిపెట్టడం మంచిదా?

కూకట్‌పల్లి అమ్మ

నిరభ్యంతరంగా చేరండి. మాలో చాలా జంటలు ఒకే ఫోన్‌తో కూర్చుంటారు. లింకు మీకు విడిగా సందేశంలో పంపాను. వియ్యాలవారి విషయంలో ఆ హైదరాబాద్ అబ్బాయి చెప్పిందే సరైన వరుస.

విజయవాడ న్యాయవాది

ఇద్దరూ రాయడం మంచిది. మీది స్వార్జితమైన ఇల్లయితే మొత్తం మీ ఇష్టం, పిత్రార్జితం అయితే మీ వాటా వరకే రాయగలరు. మీ తరువాత మీ భార్యగారికి ఆ ఇంట్లో జీవితాంతం నివాస హక్కు ఉండేలా రాసి, ఆ తరువాత పిల్లలిద్దరికీ వాటాలు స్పష్టంగా చెప్పండి. మీ అబ్బాయి, అతని సహచరుడు ఎవరి వీలునామా వారు విడివిడిగా రాసుకోవాలి, సాక్షులుగా ఆస్తిలో వాటా పొందేవారిని పెట్టవద్దు. ఇంటి దస్తావేజు ప్రతి, ఈసీ (ఆస్తిపై లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ శాఖ పత్రం) తీసుకుని మీ ఊళ్లో తెలిసిన న్యాయవాదికి చూపించండి. ఆయన ఏదైనా అడిగితే ఇక్కడే రాయండి, నేను చూస్తుంటాను.